మన కాగ్నా ఒడ్డున ఒక రాజధాని: మల్ఖేడ్ కథ

వికారాబాద్‌లోనో తాండూర్‌లోనో రైలెక్కి వాడి దిక్కు పోయినవాళ్లు మీలో చాలామంది ఉంటరు. తాండూర్ దాటినంక నవాంద్గి, కుర్గుంట, సేడం. సేడం తర్వాత ఒక చిన్న స్టేషన్ వస్తది, మల్ఖేడ్ రోడ్. చాలా ఎక్స్‌ప్రెస్‌లు అక్కడ ఆగకుండానే పోతయి. పసుపు బోర్డు మీద పేరు చదివేలోపు బండి దాటిపోతది. రైల్వే భాషలో ఊరి పేరు పక్కన 'రోడ్' అని ఉందంటే అసలు ఊరు స్టేషన్ దగ్గర లేదు, అక్కడ దిగి రోడ్డు పట్టుకుని పోవాలె అని అర్థం. మల్ఖేడ్ కూడా అంతే. స్టేషన్ ఒక దిక్కు, ఊరు ఇంకో దిక్కు, నది ఒడ్డున.

ఆ నది పేరు అక్కడ కాగిణ. మన దగ్గర కాగ్నా. రెండూ ఒకటే నది.

ఇంక ఆ ఊరి పాత పేరు మాన్యఖేటం. గ్రూప్-2కి చదివేవాళ్లు ఇప్పటికే తల ఊపుతూ ఉంటరు, రాష్ట్రకూటుల రాజధాని, ఒక మార్కు. కరెక్టే. కానీ ఆ ఒక్క మార్కు జవాబు మన తాండూర్ నుంచి రైల్లో గంట లోపే ఉందని, మనం చూసే నది ఒడ్డునే ఉందని గైడ్ పుస్తకాల్లో రాయరు. ఈ ఎపిసోడ్ ఆ ఊరి గురించే. ఇంత చిన్న నది మీద అంత పెద్ద రాజధాని ఎట్ల వచ్చింది, వచ్చింది మళ్లీ పల్లెటూరు ఎట్ల అయింది?

ముందు నది సంగతి చూద్దాం. మ్యాప్‌లో అనంతగిరి గుట్టలు జూమ్ చేయండి. ఈ గుట్టలు ఒక ఇంటి కప్పు లాంటివి. వాన పడితే తూర్పు వాలున పడిన నీళ్లు మూసీలోకి పోతయి, గండిపేట, హైదరాబాద్ మీదుగా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తయి. పడమటి వాలున పడిన నీళ్లు కాగ్నాలోకి పోతయి. మీరు వీకెండ్‌లో కయాకింగ్ చేసే కోట్‌పల్లి నీళ్లు కూడా ఆ దిక్కువే. కాగ్నా తాండూర్ పక్క నుంచి బషీరాబాద్ మండలం మీదుగా, జీవన్గి దాటి కర్ణాటకలోకి పోతది. సేడం తాలూకాలో మల్ఖేడ్‌ను ఆనుకుని పారి, షాహాబాద్ దిక్కు పోయి భీమా నదిలో కలుస్తది. భీమా రాయచూర్ దగ్గర కృష్ణలో కలుస్తది. తర్వాత జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్, ఆ కింద వాడపల్లి. అంటే అనంతగిరి మీద పక్కపక్కన పడిన రెండు చినుకులు వాడపల్లి దగ్గర మళ్లీ కలుస్తయి. మధ్యలో ఒకటి హైదరాబాద్ చూస్తది, ఇంకొకటి మాన్యఖేటం చూస్తది. నాది పరిగి. మా దిక్కు పిల్లలకు మొదటి చినుకు కథ అందరూ చెప్తరు. మూసీ పుట్టిన చోటు అని బోర్డు కూడా ఉంటది. రెండో చినుకు గురించి ఎవరూ చెప్పరు.

ఎందుకు చెప్పరు? నాకు కనబడే ఒక కారణం 1956. ఆ ఏడు నవంబర్ 1 వరకు తాండూర్, కొడంగల్ తాలూకాలు గుల్బర్గా జిల్లాలో ఉండేవి. మీరు విన్నది కరెక్టే. హైదరాబాద్ స్టేట్‌లో గుల్బర్గా ఒక జిల్లా, మల్ఖేడ్ అందులోనే, తాండూర్ కూడా అందులోనే. రాష్ట్రాల పునర్విభజన చట్టం రాసినప్పుడు కొత్త మైసూరు రాష్ట్రంలోకి 'కొడంగల్, తాండూర్ తాలూకాలు తప్ప మిగతా గుల్బర్గా జిల్లా' పోతది అని రాశారు. ఆ 'తప్ప' అన్న ఒక్క మాటతోటి నది రెండు ముక్కలయింది. పై ముక్క మనకు, కింది ముక్క వాళ్లకు. ఆ తర్వాత మన బడి పుస్తకాలు మన రాష్ట్రం గీత దగ్గర ఆగిపోయినయి. భాషను బట్టి గీత గీయడం తప్పని నేను అనట్లేదు. కానీ నదికి ఏ భాష పెడతారు? సేడం బజార్లో ఇప్పటికీ చాయ్ తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబు వస్తది.

ఇప్పుడు 814వ సంవత్సరానికి పోదాం. ఆ ఏడు రెండు చోట్ల సింహాసనాలు మారినయి. యూరప్‌లో షార్లమేన్ చనిపోయి కొడుకు లూయీ చక్రవర్తి అయ్యాడు. దక్కన్‌లో మూడో గోవిందుడు పోయి ఆయన కొడుకు, ఇంకా చిన్న పిల్లవాడు, రాజయ్యాడు. ఆ పిల్లవాడే అమోఘవర్షుడు, ఇంకో పేరు నృపతుంగుడు. దాదాపు 64 ఏళ్లు ఏలాడు, 878 వరకు. మాన్యఖేటాన్ని రాజధానిగా నిలబెట్టింది ఈయనే. ఇంద్రుడి పట్టణాన్ని కూడా ఎగతాళి చేసేటంత గొప్పగా కట్టాడని తర్వాతి రాష్ట్రకూట రాజుల శాసనాలు పొగుడుకున్నయి. శాసనాల్లో పొగడ్తలు ఎప్పుడూ కొంచెం ఓవర్‌గానే ఉంటయి, అది వేరే ముచ్చట. కానీ బయటివాళ్లు రాసింది ఉంది. 851 నాటి అరబ్బు వర్తకుడు సులేమాన్ పేరు మీద ఉన్న రాతల్లో ప్రపంచంలో నలుగురు గొప్ప రాజులు అని ఒక లిస్టు ఉంటది. బాగ్దాద్ ఖలీఫా, చైనా చక్రవర్తి, రూమ్ అంటే బైజాంటియం చక్రవర్తి, నాలుగోవాడు 'బల్హరా'. బల్హరా అంటే వల్లభరాజు, అది రాష్ట్రకూటుల బిరుదు. ఆ తర్వాతి శతాబ్దంలో అల్ మసూదీ ఈ రాజు ఉండే పట్టణం పేరు 'మన్‌కీర్' అని రాశాడు. మాన్యఖేటం అరబ్బుల నోట్లో మన్‌కీర్ అయింది. బాగ్దాద్, చైనా, కాన్‌స్టాంటినోపుల్ పక్కన మన కాగ్నా ఒడ్డు ఊరు! నేను దీన్ని రెండుసార్లు చదివి, లేచి నీళ్లు తాగి వచ్చి మళ్లీ చదివిన.

ఈయన యుద్ధాల కంటే పుస్తకాలతో ఎక్కువ గుర్తుండిపోయాడు. కన్నడలో మనకు దొరికే మొట్టమొదటి గ్రంథం 'కవిరాజమార్గం' ఈయన ఆస్థానంలో పుట్టింది. ఇంకొకటి మన బీటెక్ బ్యాచ్ కోసం. మహావీరాచార్యుడు అనే జైన గణిత పండితుడు ఈయన కాలంలో, 850 ప్రాంతంలో, 'గణితసారసంగ్రహం' రాశాడు. అందులో ఋణ సంఖ్య దేనికీ వర్గం కాదు కాబట్టి దానికి వర్గమూలం లేదు అని తేల్చి చెప్తాడు. పైథాన్‌లో మైనస్ ఒకటికి స్క్వేర్ రూట్ అడిగితే ఎర్రర్ విసురుతది కదా, ఆ ఎర్రర్ మెసేజ్ దాదాపు 1,170 ఏళ్ల కిందటే రాసిపెట్టాడు. ఇదే పుస్తకాన్ని తర్వాత పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. అంటే తెలుగులో తొలి లెక్కల పుస్తకాల్లో ఒకదాని మూలం ఈ రాష్ట్రకూటుల దగ్గర ఉంది.

తెలుగుతో సంబంధం అక్కడితో ఆగదు. మ్యాప్ మీద మాన్యఖేటం ఎక్కడుందో చూడండి. తూర్పున వేంగి, అంటే గోదావరి కృష్ణా జిల్లాల తూర్పు చాళుక్యులు. దక్షిణాన గంగులు. రాష్ట్రకూటులకు ఈ ఇద్దరితో ఎప్పుడూ పంచాయితీనే. వేంగి రాజు రెండో విజయాదిత్యుడు 12 ఏళ్లు రాత్రీ పగలూ 108 యుద్ధాలు చేసి, అన్ని శివాలయాలు కట్టించాడని వాళ్ల శాసనాలు చెప్తయి. ఆ యుద్ధాల్లో అవతలి పక్షం గంగులు, రట్టలు. రట్టలు అంటే వీళ్లే. తర్వాత గుణగ విజయాదిత్యుడు తిరిగి వీళ్ల మీదికే దండెత్తాడు. ఎల్లోరా దిక్కు కూర్చుని వేంగిని అదుపులో పెట్టడం కష్టం. కాగ్నా ఒడ్డున కూర్చుంటే తూర్పుకీ దక్షిణానికీ సైన్యం తొందరగా కదులుతది. రాజధాని ఇక్కడ పెట్టడానికి అదే అసలు కారణం అని నాకనిపిస్తది. ఇక్కడ ఓడరేవు లేదు, పెద్ద నది లేదు. ఉన్నది నల్లరేగడి, తాగునీళ్లు, కావలసినంత రాయి, మధ్యలో ఉండే లొకేషన్.

తెలంగాణ ఉత్తరాన వేములవాడ చాళుక్యులు వీళ్ల సామంతులు. అక్కడ రెండో అరికేసరి దగ్గర పంప కవి 941లో కన్నడ భారతం పూర్తి చేశాడు. ఆయన తమ్ముడు జినవల్లభుడు కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద శాసనం చెక్కించాడు, సంస్కృతం, కన్నడ, తెలుగు, మూడు భాషల్లో. అందులో తెలుగు కంద పద్యాలు ఉన్నయి, నన్నయకు ఇంచుమించు ఒక శతాబ్దం ముందువి. అన్న కన్నడలో ఆదికవి, తమ్ముడు తెలుగు కందం చెక్కించినవాడు. వాళ్లకు ఈ రెండు భాషల మధ్య బార్డర్ ఎక్కడా తగల్లేదు. వాళ్ల పైన ఉన్న చక్రవర్తి మూడో కృష్ణుడు, మాన్యఖేటంలో.

ఇంక పతనం. అది మెల్లగా జరగలేదు. మూడో కృష్ణుడు 967లో పోయాడు. ఐదేళ్లకు, 972లో, మాళవ రాజు సీయకుడు నర్మద దాటి వచ్చి మాన్యఖేటాన్ని దోచుకున్నాడు. ఆ తర్వాతి ఏడు, 973లో, వీళ్ల సామంతుడే అయిన రెండో తైలపుడు తిరగబడి రాజ్యం లాక్కున్నాడు. రెండు శతాబ్దాలు నిలిచిన వంశం, ఒక గొప్ప రాజు పోయిన ఆరేళ్లలో ఖతం.

ఈ దోపిడీ గురించి మనకు రెండు దిక్కుల నుంచీ సాక్ష్యం ఉంది. ఒకటి ఓడినవాళ్ల వైపు నుంచి. పుష్పదంతుడు అని అపభ్రంశ భాషలో రాసిన జైన కవి. మాన్యఖేటంలోనే మంత్రి అండతో ఉంటూ 965లో 'మహాపురాణం' ముగించాడు. ఆయన పుస్తకంలో ఒక శ్లోకం దొరుకుతది. పేదలకు, దిక్కులేనివాళ్లకు నీడనిచ్చిన ఊరు మాళవ రాజు కోపానికి బూడిదైంది, ఇప్పుడు ఈ కవి ఎక్కడ ఉండాలె, అని దాని సారాంశం. రాజు గురించి ఏడుపు కాదది. ఇల్లు పోయిన మనిషి అడిగే ప్రశ్న.

రెండోది గెలిచినవాళ్ల వైపు నుంచి. ధారానగరంలో ధనపాలుడు అనే పండితుడు తన చెల్లెలు సుందరి కోసం ఒక ప్రాకృత నిఘంటువు రాశాడు, పేరు 'పాఇయలచ్ఛీ'. చివర్లో అది ఎప్పుడు రాశాడో చెప్తూ, మాళవ రాజు మన్నఖేడాన్ని దోచిన సంవత్సరం అంటాడు. చెల్లెకు పదాలు నేర్పే పుస్తకం మీద తారీఖుగా ఒక పట్టణం లూటీ. నాకైతే యుద్ధాల వర్ణనలన్నీ ఒకెత్తు, ఈ ఒక్క లైను ఒకెత్తు.

అయినా ఊరు అప్పుడే చావలేదు, ఇది గమనించండి. తైలపుడు, ఆయన వారసులు ఇక్కడి నుంచే ఏలారు. చోళ రాజేంద్రుడి శాసనాల్లో గెలిచిన చోట్ల లిస్టులో 'మణ్ణైక్కడక్కం' అని ఉంటది, అది మాన్యఖేటమే అని చరిత్రకారులు గుర్తించారు. 11వ శతాబ్దం నడుమ మొదటి సోమేశ్వరుడు రాజధానిని కల్యాణికి, ఇప్పటి బసవకల్యాణ్‌కి మార్చాడు. అప్పుడు తగిలింది అసలు దెబ్బ. దోచుకుంటే ఊరు మళ్లీ లేచింది. ఆఫీసు షిఫ్ట్ అయితే లేవలేదు. ఐటీ కంపెనీ ఖాళీ చేసిన రోడ్డు మీద టిఫిన్ సెంటర్లు, పీజీ హాస్టళ్లు ఏమైతయో చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడ ఒక నిమిషం నెదర్లాండ్స్ పోయొద్దాం. ఎందుకో చెప్తా. అక్కడ రైన్ నది చీలే చోట డోరెస్టాడ్ అని ఒక పట్టణం ఉండేది. సరిగ్గా మన అమోఘవర్షుడి కాలం. ఉత్తర యూరప్‌లో అది పెద్ద వ్యాపార రేవు, సొంత నాణేలు కొట్టేవాళ్లు. నది పక్కకు జరుగుతుంటే దాని వెంటే చెక్క రేవులను పొడిగించుకుంటూ పోయారు, తవ్వకాల్లో ఆ చెక్కలు దొరికినయి. 834 నుంచి వైకింగులు మళ్లీ మళ్లీ వచ్చి దోచారు. దానికితోడు నది మేట వేసింది, పారే తీరు మారింది. ఇప్పుడు ఆ చోట వేక్ బై దూర్‌స్టేడ అనే చిన్న ఊరు ఉంది. పైకి చూస్తే రెండూ ఒకటే కథ, ఒకే శతాబ్దం, నది ఒడ్డు, దోపిడీ, చివరికి చిన్న ఊరు. కానీ తేడా ఉంది. డోరెస్టాడ్‌ను పుట్టించింది నది, మునిగేటప్పుడు కూడా నది చేయి ఉంది. మాన్యఖేటాన్ని పుట్టించింది రాజు. కాగ్నాలో పడవల వ్యాపారం ఏనాడూ నడవదు, ఎండాకాలం చాలాచోట్ల నడిచి దాటొచ్చు. రాజు పోతే ఆ ఊరికి సొంతంగా బతకడానికి నది ఏమీ ఇవ్వలేదు, పొలానికి తడి, ఇంటికి బిందె నీళ్లు తప్ప.

సరే, ఇప్పుడు అక్కడ ఏముంది? నదిని ఆనుకుని కోట ఉంది. గోడలు, బురుజులు, దర్వాజాలు. మీరు చూసేదంతా రాష్ట్రకూటులదని అనుకోకండి, తర్వాత వచ్చిన పాలకుల చేతులు చాలా పడ్డయి. నేమినాథ బసది అనే పాత జైన గుడి ఉంది. నది ఒడ్డున ఉత్తరాది మఠం ఉంది, టీకాచార్యులని పేరున్న జయతీర్థుల బృందావనం కోసం మన దిక్కు నుంచి కూడా భక్తులు పోతరు. కాగిణ గట్టిగా పొంగితే నీళ్లు మఠంలోకే వస్తయి. దర్గా ఉంది. ఊళ్లో ఇళ్లున్నయి, మేకలున్నయి, పిల్లలు క్రికెట్ ఆడే ఖాళీ జాగాలున్నయి. ఏ జాగా కింద ఏముందో తవ్వితేనే తెలుస్తది.

గోడ రాయి దగ్గరగా చూడండి. తాండూర్ వాళ్లయితే చెయ్యి పెట్టకుండానే గుర్తుపడతరు. అదే సున్నపురాయి. మన దగ్గర తాండూర్ బండలు, అక్కడ షాహాబాద్ బండలు, హైదరాబాద్‌లో రెండిటినీ కలిపి షాబాద్ బండలు అంటరు. కోట్ల ఏళ్ల కింద ఇక్కడ లోతు లేని సముద్రం ఉండేది, దాని అడుగున పొరలు పొరలుగా పేరుకున్నదే ఈ రాయి. అందుకే ఉలితో తడితే పలకలుగా లేస్తది. కోట దీంతోనే కట్టారు, ఊళ్లో ఇళ్లు దీంతోనే, మీ నానమ్మ ఇంటి ఫ్లోరింగ్ కూడా ఎక్కువ చాన్స్ దీంతోనే. ఏ ఇంటి గోడలో రాయి గనిది, ఏది కోట నుంచి జారిపడింది, చూసి చెప్పడం కష్టం. సిమెంట్ ఫ్యాక్టరీలు వచ్చింది కూడా దీనికోసమే, మన దగ్గర కరన్‌కోట్‌లో, అక్కడ మల్ఖేడ్ పక్కన ఆదిత్యనగర్‌లో. రాజధానిని కట్టిన రాయే ఇప్పుడు బస్తాల్లో పొడిగా లారీ ఎక్కుతుంది. జీతాలు కూడా అదే ఇస్తుంది, కాబట్టి ఊకె తిట్టడం నాకు ఇష్టం లేదు. కానీ ఒక కోట చుట్టూ ఇంత రాయి పని నడిచే చోట, ఏ హద్దు దాకా తవ్వొచ్చు, ఏ మట్టి దిబ్బ ముట్టొద్దు అని ఎవరో ఒకరు కూర్చుని మ్యాప్ గీయాలె.

ఇసుక సంగతి అంతకన్నా దగ్గరిది. కాగ్నాలో ఇసుక తోడే ట్రాక్టర్ల గురించి తాండూర్ దిక్కు వాళ్లకు నేను చెప్పేది ఏముంది, పేపర్లో జిల్లా పేజీ తిప్పితే కనబడతది. ఇసుకే నదికి ట్యాంకు. అది పోతే వాన నీళ్లు ఆగకుండా ఉరుకుతయి, ఎండాకాలం ఒడ్డు బావులు ఎండిపోతయి. తాండూర్ పట్టణానికి తాగునీళ్లు ఇచ్చింది కూడా ఈ నదే. కింద మల్ఖేడ్‌లో నది బాగుండాలంటే పైన మనం సరిగ్గా ఉండాలె, వాళ్లు ఏ రాష్ట్రం అయితే ఏంది.

పోయి చూడాలనుకుంటే, తాండూర్ నుంచి ప్యాసింజర్ బండి పట్టుకుని సేడంలో దిగండి, అక్కడి నుంచి కలబుర్గి రోడ్డు మీద బస్సులు, ఆటోలు దొరుకుతయి. మల్ఖేడ్ రోడ్ స్టేషన్‌లో దిగితే ఊరిదాకా బండి దొరకడం కష్టం. పొద్దున్నే పోండి, కోటలో నీడ తక్కువ. నీళ్లు, టోపీ పట్టుకపోండి. గోడల మీద పేర్లు చెక్కకండి, రీల్ కోసం బురుజు అంచు ఎక్కకండి, రాళ్లు వదులుగా ఉన్నయి. వానలు ఆగిన నెల రోజులకు పోతే నది నిండుగా ఉంటది, ఒడ్డు మెట్ల దాకా పోవచ్చు.

వచ్చే ఎపిసోడ్ ఈ నది మీదనే పైకి నడుద్దాం, బషీరాబాద్ మండలం జీవన్గి నుంచి కోట్‌పల్లి దాకా. ఆ దారిలో ఉన్న ఊర్ల వాళ్లు మీ ఊళ్లో కాగ్నాను ఏమని పిలుస్తరో, మీ తాతలు దాని గురించి ఏం చెప్పేవాళ్లో రికార్డ్ చేసి పంపండి. కన్నడలో ఉన్నా పర్లేదు, సబ్‌టైటిల్ నేను పెడతా. ఉంటా మరి.